చనిపోయినవాడి నాలుగో ఏడు

అలెగ్జాండ్రియా టంకశాలలో నాణేల అచ్చులు చెక్కేది నేనూ, మా మేనమామ సరపమ్మోనూ. మాకు నైలు వరదతో కొత్త సంవత్సరం మొదలవుతుంది. ఆ రోజే మమ్మల్నేలే రోము చక్రవర్తి పాలనకూ ఒక ఏడు పెరుగుతుంది. అందుకని పండగకు ముందే ఒకవైపు ఆయన తల, రెండోవైపు నైలు దేవుడు, పక్కన 'నాలుగో ఏడు' అని చెక్కాం. నాణేలు ఊళ్లోకి వెళ్లిపోయాయి కూడా.

పండగ పొద్దున రోము నుంచి ఓడ వచ్చింది. చక్రవర్తిని చంపేసి, వేరొకాయన గద్దెనెక్కి రెండు నెలలయిందట!

చనిపోయినవాడికి ఏడు పెంచడమంటే కొత్తాయనకు ద్రోహమే.

"మావా, మన ప్రాణాలు పోతాయి!"

"నోరు ముయ్యరా. అదుగో, అధికారి."

అధికారి రొప్పుతూ వచ్చాడు. "ఆ నాణేలన్నీ వెనక్కి తెప్పిస్తున్నా, కరిగించండి. సాయంత్రానికల్లా కొత్త అచ్చు కావాలి. దేవుణ్ణి కదపొద్దు, తల మార్చండి. రెండో ఏడు అని వెయ్యండి."

"రెండోదా? ఆయన గద్దెనెక్కి రెండు నెలలేగా అయింది?" అన్నాను.

"నిన్నటిదాకా ఒకటో ఏడు, పండగ వచ్చింది కాబట్టి ఇవాళ్టి నుంచి రెండు. కొత్తగా చెప్పాలా నీకు?"

"మరి ముఖం ఎలా ఉంటుందండీ?"

రోము నుంచి కొత్తాయన బొమ్మ రాలేదు.

"ఎవడు చూశాడయ్యా! గడ్డం పెట్టెయ్యి," అన్నాడు అధికారి.

పాతాయన ముక్కూ కళ్లే మళ్లీ చెక్కి, గడ్డం తగిలించాను. అధికారి అచ్చును వెలుగులోకి తిప్పి చూశాడు.

"అచ్చం ఆయనే," అన్నాడు.