సారుగారి పాఠం

ఏమయ్యా అల్లుడూ, ఇటు చూడు. ఆ చొక్కా ఎవరిది? నీదేనా? కాలరు మురికి ఎవరు వదిలించారు? ఊడిన గుండీ ఎవరు కుట్టారు? అయినా నీదే. సరేలే, మూతి ముడుచుకోకు. నువ్వింకా కొత్త పెళ్లికొడుకువి. నాది, నాది అనడంలో మా పెద్దసారు ముందు నువ్వు పలకాబలపం పట్టాల్సిందే.

పెద్దసారంటే మా అన్న కూతురి మొగుడు. మేడ మీద కాపురం, కింద బడి. ఆ బడిలో గంట కొట్టేది, టీలు మోసేది నేను. మూడో తరగతికి ఇంగ్లీషు చెప్పేది మా అమ్మాయి, అదే, ఆ అన్న కూతురు. ఆమె వంట చేసి, అత్తగారికి మాత్రలిచ్చి, ఆయన చొక్కా ఇస్త్రీ చేసి మెట్లు దిగేసరికే ఒక రోజు పని అయిపోయి ఉంటుంది. చేరిన కొత్తలో ఒకసారి జీతం అడిగింది. 'మన బడికి మనం జీతం పుచ్చుకుంటామా, పిచ్చిదానా' అని నవ్వాడు. బల్లలు తుడవాలంటే మన బడి. ప్రశ్నపత్రాలు రాయాలంటే మన బడి. గేటు మీద మాత్రం ఆయన పేరొక్కటే. అత్తగారైతే వచ్చినవాళ్లందరితో, 'ఇంట్లో తోచక మావాడి బడికి పోతుందమ్మా, కాలక్షేపం' అంటుంది. అది విన్న రోజు మా అమ్మాయి గిన్నెలు తోమే చప్పుడు వీధి దాకా వినిపిస్తుంది.

ఏ వస్తువు ఎవరిదో ఇంగ్లీషులో రాయడం పిల్లలకు ఓ పట్టాన వంటబట్టదు. పేరు రాయాలి, దాని పక్కన పైన చిన్న గీత పెట్టాలి, ఆ తర్వాత ఎస్ రాయాలి. పుస్తకంలో ఉన్నట్టు చెబితే ఆవలిస్తారు. మా అమ్మాయి బుట్ట పట్టుకుని వరసల మధ్య తిరిగింది. ఒకడి రబ్బరు, ఒకమ్మాయి రిబ్బను, ఒకడి ఎడమకాలి చెప్పు అందులో పడ్డాయి. ఒక్కొక్కటీ పైకెత్తి 'ఇదెవరిది?' అంటే గదంతా గోల. సొంతదారు బోర్డు మీద తన పేరు రాసి ఆ గీత తగిలించాలి. దానికి కొక్కెం అని పేరు పెట్టింది. కొక్కెం మరిచిపోయావా, చెప్పు దబ్బున కింద పడేది. పిల్లలందరిదీ అయిన నీళ్ల డ్రమ్ముకైతే ఎస్ ముందు, కొక్కెం తర్వాత. ఇదంతా ఆమెకు తట్టింది దండెం దగ్గర. ఇవి ఆయనవి, ఇవి అత్తగారివి, ఇవి పిల్లలవి అని ఉతికిన బట్టలు విడదీస్తూ, తనవి ఎప్పుడూ అడుగున ఎందుకుంటాయా అని చూస్తూ నిలబడ్డప్పుడు.

ఇంతలో చాలా బళ్లు నడిపే ఒక సంస్థవాళ్లు వస్తున్నారని తెలిసింది. టీచర్లకు బోధన నేర్పే మనిషి కావాలట, పాఠం చూసి ఎంచుకుంటారట. ఆ పూట మా అమ్మాయి కూనిరాగం తీస్తూ బల్లలు తుడిచింది. భోజనాల దగ్గర ఆయన అన్నాడు, 'ఆ బుట్ట పాఠం నేను చెబుతాను. పిల్లల్ని నువ్వు తయారు చెయ్యి. నలుగురిలో నీకు నోరు పెగలదు కదా.'

గదినిండా పిల్లలకు రోజూ నోటితో కాక దేనితో చెబుతున్నాననుకుంటున్నాడు ఈయన? ఆమె లోపల ఆ ప్రశ్న కుతకుత ఉడికింది. పెళ్లిచూపుల్లో 'అమ్మాయి నెమ్మది' అన్నారు. ఆ నెమ్మదిని ఇన్నేళ్లూ పీటలా వేసుకుని కూర్చున్నారు. లేచి ఆయన కంచంలో మజ్జిగ పోసింది.

పాఠం బ్రహ్మాండంగా జరిగింది. జరగదా మరి? ఆయన బుట్టలో చెయ్యి పెట్టకముందే పిల్లలు జవాబు చెప్పేస్తున్నారు, చెప్పి వెనక గోడ దగ్గరున్న మా అమ్మాయి వంక చూస్తున్నారు. వచ్చినవాళ్లలో పెద్దావిడ, ఈ పద్ధతి ఎవరిదని అడిగింది.

"నాదేనండీ" అన్నాడు పెద్దసారు.

ఆవిడ మా అమ్మాయి వైపు తిరిగింది. టీ పళ్లెంతో నేను గుమ్మంలోనే ఆగిపోయాను. చెప్పవే తల్లీ, ఇప్పుడైనా చెప్పు.

"సారుదేనండీ. మొత్తం ఆయనదే."

కప్పులన్నీ నేలకేసి కొట్టాలనిపించింది. ఉద్యోగం ఆయనకే వచ్చింది. సోమవారం నుంచి రోజుకో కొత్త బడి. ఈ పాఠం పేరు కూడా వినని పిల్లలు, వెనక వరసలో టీచర్లు. పుస్తకం మొత్తం ఇలాగే చెప్పి చూపించాలి. ఆయన ఛాతీ విరుచుకుని ఒప్పుకున్నాడు.

మెట్ల దగ్గర పట్టుకుని, నీ నోరు ఏ ఎలుక కొరికిందని తిట్టాను.

"నాదంటే ఏమయ్యేది బాబాయ్? నవ్వేసి, మా ఇద్దరిదీ అనేవాడు. మళ్లీ మనదే అయ్యేది" అని పైకి వెళ్లిపోయింది.

నాకు అర్థం కాలేదు. ఆమెతో మాట్లాడడం మానేశాను. ఇంత అమాయకురాలిని కన్నాడేమిట్రా మా అన్న అని లోలోపల ఏడ్చాను.

ఆదివారం సాయంత్రం మంచినీళ్ల డబ్బా మోసుకుని మేడెక్కాను. పెద్దసారు పుస్తకం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది. రేపు ఏం చెప్పాలో, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమంటున్నాడు, మిగతా పాఠాలన్నీ కూడా రాసిపెట్టమంటున్నాడు. హాల్లోంచి అత్తగారు, 'దాన్ని అడిగే ఖర్మ నీకేంట్రా, అంతా నీకు తెలిసిందేగా' అంటోంది.

మా అమ్మాయి పొయ్యి కట్టేసింది. తీరిగ్గా చేతులు తుడుచుకుంది.

"నలుగురి ముందు మొత్తం మీదేనని సాక్ష్యం చెప్పినదాన్ని. మీ పాఠం నాకెలా తెలుస్తుందండీ?"