నడుంనొప్పి పేరు చెప్పుకున్న గాలిదిండు

నేను ఒక గాలిదిండును. రబ్బరు ఒళ్లు, నడిమధ్యన పెద్ద చిల్లు. ఫ్యాక్టరీలో నన్ను అచ్చు పోసినవాడు ఆ చిల్లు చూసి తెగ నవ్వాడు. వాడికింకా నాతో అవసరం పడలేదు లెండి.

నన్ను కొన్నది విజయనగరం వైపు బస్సు నడిపే పైడిరాజు. మందుల షాపులో "మా మావకండి" అన్నాడు. నన్ను కొనే ప్రతివాడికీ ఒక మామ ఉంటాడని షాపువాడికి తెలుసు.

ఆనాటి నుంచి డ్రైవరు సీటు మీద, తువ్వాలు కింద నా కాపురం. ఎవరడిగినా నడుంనొప్పి అనేవాడు. అసలు సంగతి మొలలు. మొదట్లో దొడ్డికెళ్లినప్పుడు నెత్తురు పడింది. "ఇంజను పక్కన కూకుంటే వేడి సెయ్యదేటి?" అని భార్య గౌరమ్మతో చెప్పి మజ్జిగ తాగాడు. తరవాత మొలలు బయటికొచ్చి వాటంతటవే లోపలికి పోసాగాయి. సబ్జా గింజలు నానబెట్టాడు. ఆపైన వేలితో నెడితే గానీ పోలేదు. అప్పుడూ నేరం ఇంజనుదే. మొహం పాలిపోయింది చూసి గౌరమ్మ ఆస్పత్రికి పొమ్మంటే, "ఆడ డాక్టరు ముందరా? సచ్చినా ఎల్లను!" అన్నాడు. మహా పౌరుషం. దాన్ని మోసేది నేను.

ఒక మధ్యాహ్నం, బస్సు నిండా జనం ఉండగా కళ్లు తిరిగాయి. ఎలాగో బస్సును పక్కకు తీసి ఆపి, స్టీరింగు మీద వాలిపోయాడు. ప్రయాణికులే ఆస్పత్రికి మోసుకెళ్లారు. కబురు తెలిసి వచ్చిన గౌరమ్మ, బస్సులోంచి నన్ను తీసి సంచిలో వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తింది.

డాక్టరమ్మ పరీక్ష చిటికెలో అయిపోయింది. "మూడో దశ. ఒంట్లో రక్తం సగానికి పడిపోయింది. ముందే వచ్చుంటే ఆకుకూరలు, నీళ్లు, మందులతో తగ్గేది. ఇప్పుడు రక్తం ఎక్కించి ఆపరేషన్ చెయ్యాలి. అయినా నెత్తురు పడితే వేడని మీరే తేల్చేసుకుంటారా? అది ఇంకేదైనా జబ్బు కావచ్చు కదా! ఎందుకు రాలేదు?"

"సిగ్గండి."

"బస్సులో పిల్లలున్నారా?"

పైడిరాజు వెక్కివెక్కి ఏడ్చాడు. వెటకారం నా స్వభావమే గానీ, ఆ ఏడుపు చూసి నాకూ జాలేసింది.

కోలుకుని డ్యూటీకి వచ్చిన రోజు, విశ్రాంతి గదిలో డ్రైవర్లందరి ముందూ నన్ను బల్ల మీద పెట్టాడు.

"నాకు నడుంనొప్పి కాదురా. మొలలు. నా సిగ్గుకి బస్సుడు జనం సచ్చిపోయేవోళ్లు."

ఎవరూ నవ్వలేదు. రామునాయుడనే డ్రైవరు గొంతు తగ్గించి అడిగాడు: "బావా, ఆ డాక్టరమ్మ రేపుంటాదా?" బెంచీ ఖాళీగా ఉన్నా అతను నిలబడే ఉన్నాడని అప్పుడు గమనించాను.

మర్నాడు ఇద్దరూ కలిసి ఆస్పత్రికి వెళ్లారు. పోతూ పోతూ నన్ను చెత్తకుండీలో పడేశారు. నాకేం కోపం లేదు. నొప్పిని దాచిపెట్టడమే తప్ప, నయం చెయ్యడం నాకు ఏనాడూ చేతకాలేదు.