ఇరవై ఎనిమిది సరిపోయినయ్

"ఆ గొర్ల ముచ్చట తీసేసిన" అన్నాడు మా ఆయన నాగేందర్ ముందు గదిలోంచి.

వంటింట్లో జొన్నరొట్టె తడుతున్న నా చెయ్యి ఆగింది. చెయ్యి ఆగితే అంచు పగులుతుంది, పగిలింది. మళ్లీ ముద్ద చేసి మొదలుపెట్టాను. ఎందుకని అడగకముందే జవాబు వచ్చింది. "జిల్లా మొత్తం నుంచి లెక్కల సార్లు వస్తరు. వాళ్ల ముంగట మనం గొర్లు కాసినోళ్లమని చెప్పుకునుడేంది? ఇజ్జత్ పోతది."

ఆయన తీసేసింది నా వ్యాసంలోంచి. ఇవాళ ఆదివారం, నల్లగొండలో లెక్కల టీచర్ల సదస్సు. గణిత చరిత్ర మీద వ్యాసాలు పంపమంటే రెండు నెలలు కూర్చుని 'అంకెలు పుట్టకముందు లెక్క' అని రాశాను. ఎంపికైనట్టు కాగితం నవనీత అని నా పేరు మీదే వచ్చింది. దాన్ని చూసి మా ఆయన తనకే వచ్చినంత మురిసిపోయాడు. "నువ్వు పోతే ఇంట్ల పని ఎవలు చూస్తరు? నేను పోయి చదువుత. ఫికర్ చెయ్యకు, ఇద్దరి పేర్లు ఉంటయి" అన్నాడు. ఆయన కట్టంగూర్ దగ్గర హైస్కూల్లో పదో తరగతికి లెక్కలు చెప్తాడు. నేను పక్క ఊళ్లో ఆరుకీ ఏడుకీ. "మేడమ్‌లకు చిన్న తరగతులైతేనే ఆరాం" అంటూ మా హెడ్మాస్టరు పదకొండేళ్లుగా నా టైంటేబుల్ రాస్తున్నాడు. నిజంగానే నాకు అంతకు మించి రాదేమో అని ఒక్కోసారి అనిపించేది. చెప్పుకోవడానికి సిగ్గే కానీ, అనిపించేది.

గణిత చరిత్ర తిరగేస్తుంటే నాకు నవ్వూ కోపమూ కలిసి వస్తాయి. పుస్తకాల నిండా గడ్డాలే. ఏ కాలంలోనో ఎవరో ఎముక మీద గాట్లు పెట్టి లెక్క నేర్చుకున్నారు. ఎవరో ఎవరికీ తెలియదు. అయినా బొమ్మ వేసేవాడు మాత్రం గడ్డమున్న మగవాణ్నే వేస్తాడు. రోజులు లెక్కపెట్టుకోవలసిన అవసరం నెలనెలా ఎవరికి పడుతుందో వాడికి తట్టనే తట్టదు.

వ్యాసానికి ప్రాణం ఆ గొర్రెల ముచ్చటే. మా అత్తమ్మ బక్కమ్మకు అంకెలు రావు. వచ్చినా మందను లెక్కపెట్టదు, వేలు పెట్టి లెక్కపెడితే దిష్టి తగులుతుందని వాళ్లలో ఒక నమ్మకం. పొద్దుగూకే వేళ గొర్రెలు మేత నుంచి రాగానే, పగలంతా దొడ్లో ఉంచిన పిల్లల్ని వదులుతుంది. ప్రతి పిల్లా తన తల్లి కిందికి దూరేదాకా చూసి, అప్పుడు తడిక మూస్తుంది.

మొన్న ఎండాకాలంలో ఒక సాయంత్రం నాగేందర్ అరుగు మీద నిలబడి గొర్రెల్ని లెక్కపెట్టాడు. "ఇరవై ఎనిమిది. సరిపోయినయ్, తడిక మూయవే అమ్మా" అన్నాడు. అత్తమ్మ మూయలేదు. ఒక పిల్ల ప్రతి గొర్రె దగ్గరికీ పోయి తన్నులు తిని వస్తోంది.

"దీని తల్లి రాలే."

"ఇరవై ఎనిమిది ఉన్నయంటున్న గదనే!"

"ఉంటె ఉండనియ్ బిడ్డా. దీని తల్లైతె రాలే."

చివరికి తేలిందేమిటంటే, నీళ్ల దగ్గర రెండు మందలు కలిసి విడిపోయేటప్పుడు పక్క మంద ఎల్లస్వామి గొర్రె ఒకటి మా మందలోకి వచ్చింది, మాది వాళ్ల దొడ్డికి పోయింది. లెక్కల సారు లెక్క సరిగ్గానే ఉంది. మందే సరిగ్గా లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒకదానికి ఒకటి జత పెట్టి, ఏదైనా మిగిలిందా అని చూడటం. నూటయాభై ఏళ్ల కిందట పెద్ద పెద్ద గణితవేత్తలు అసలు సంఖ్య అంటే ఏమిటని తవ్వుకుంటూ పోయి, పునాదిలో కనుక్కున్నది ఈ జతనే. బక్కమ్మ రోజూ సాయంత్రం తడిక దగ్గర చేసే పని అది. నేను రాసింది ఇంతే. గొర్రెల వల్ల ఇజ్జత్ ఎందుకు పోతుంది? ఆ కథలో తప్పిన సారు తనే, అందుకే తీసేశాడు.

రొట్టె పెనం మీద వేసేసరికి అత్తమ్మ పేడచేతులు కడుక్కుని లోపలికి వచ్చింది. అంతా విన్నదే.

"నా ముచ్చట జెప్తె వానికి నామోషా? ఆ గొర్లను అమ్మే గద వాణ్ని ట్రైనింగ్ సదివిచ్చిన" అంది మెల్లగా. ఆమెకు కోపం లేదు. నొచ్చుకుంది. ఆమె అలా నొచ్చుకోవడం నేను భరించలేకపోయాను.

మూడో రొట్టె కాలగానే పొయ్యి ఆర్పేశాను. చీర మార్చుకున్నాను. నేను చేత్తో రాసిన నోటుపుస్తకం సంచిలో పెట్టుకుని ముందు గదిలోకి వచ్చాను. ఇస్త్రీ చొక్కాకు గుండీలు పెట్టుకుంటున్నాడు నాగేందర్.

"రొట్టెలు మూడు చేసిన. మీకు, అత్తమ్మకు, మల్లికకు. నేను నల్లగొండల తింట."

"నువ్వెందుకు?"

"నా వ్యాసం నేనే చదువుకుంట."

"మరి ఇంట్ల పని?" ఆయన నన్ను కాదు, వాళ్లమ్మను అడిగాడు.

"ఉన్న పనులున్నయి, ఉన్న మనుషులున్నరు" అంది అత్తమ్మ. "మనిషికొకటి జత పెట్టుకుందాం తియ్. పిల్లకు జడ నువ్వెయ్యి."

మా మల్లిక దువ్వెన తెచ్చి వాళ్ల నాయిన చేతిలో పెట్టింది. ఆయన గుండీలు సగంలో వదిలేసి నిలబడ్డాడు. నేను బస్సెక్కాను.

సదస్సు దగ్గర బల్ల వెనకాల కూర్చున్నాయన "సారు రాలేదా మేడమ్?" అని అడిగాడు. వ్యాసం నాదేనన్నాను. పేర్లు రాయమని రిజిస్టరు ఇటు తిప్పాడు. రాశాను. అప్పుడే నాగేందర్ ఫోను చేశాడు. పోట్లాడతాడేమో అనుకున్నాను. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఇద్దరి పేర్లు రాసినవా?"

రిజిస్టరు వైపు చూశాను. బక్కమ్మ, నవనీత.

"రాసిన. ఇద్దరియి ఉన్నయి."

"ఆఁ, అయితే సరిపోయింది" అని ఫోను పెట్టేశాడు.