ప్రళయానికి ముందురోజు వంట

"రేపటితో అన్నీ ఆఖరట. ఇవాళైనా బొబ్బట్లు చేసి పెట్టు" అన్నారు మా ఆయన ఉమామహేశ్వర్, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

అది 2008 సెప్టెంబరు తొమ్మిది, మంగళవారం. నాచారంలో మా ఇంటి హాల్లో పొద్దున్న ఆరింటి నుంచీ టీవీ మోగుతోంది. జెనీవా దగ్గర భూమి లోపల కట్టిన పెద్ద యంత్రాన్ని మర్నాడు మొదలుపెడతారట, అందులో కృష్ణబిలం పుట్టి భూమిని మింగేస్తుందట. తెర మీద భూగోళం మెలితిరిగిపోయి ఒక నల్లటి రంధ్రంలోకి జారుతోంది. కింద గంటలు, నిమిషాలు, సెకన్లు తగ్గుతూ పోతున్నాయి. ఆయన నవ్వుతూ చూస్తున్నారు. మా అత్తగారు హైమావతి మాత్రం నవ్వడం లేదు. మేడిపల్లిలో ఉన్న మా ఆడపడుచు సూర్యకళకు ఫోన్ చేసి, "పోయేదేదో అందరం ఒక్కచోటే ఉండి పోదాం, సాయంత్రం పిల్లల్ని తీసుకుని భోజనానికి వచ్చెయ్యండి" అని పిలిచేశారు. అంటే బొబ్బట్లు ఎనిమిది మందికి.

శనగపప్పు కడిగి పొయ్యి మీద పెట్టాను. నాకు భయం వేయలేదు. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాను. ఆ చివరి సంవత్సరంలో కణాల గురించి చెప్పిన మేడం క్లాసు అయిపోయాక కూడా మేము లేచేవాళ్ళం కాదు. పెళ్ళయి ఈ ఊరొచ్చాక రెండేళ్ళు స్కూల్లో పాఠాలు చెప్పాను. మా అమ్మాయి అమృత పుట్టింది, అత్తగారి మోకాళ్ళు అరిగాయి, ఉద్యోగం దానంతటదే ఆగిపోయింది. ఎవరూ మానెయ్యమనలేదు. "నీ ఇష్టం తారా, ఇల్లు ఎలా నడుస్తుందో నువ్వే ఆలోచించుకో" అన్నారాయన, అంతే. మధ్యాహ్నం అందరూ తిని పడుకున్నాక దొరికే ఒక గంటలో పేపర్లో సైన్స్ పేజీ చదవడం మాత్రం మానలేదు. అందుకే మొన్న టీవీలో ఈ గోల మొదలైనప్పుడు "అలాంటిదేమీ జరగదండీ" అన్నాను. "నువ్వు చదివి పదిహేనేళ్ళయింది. సైన్స్ ఎక్కడిదాకా వెళ్ళిపోయిందో నీకేం తెలుసు?" అన్నారాయన. ఆయన ఉప్పల్ రోడ్డులో ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో టెక్నికల్ ఆఫీసర్. రాళ్ళ నమూనాలు పరీక్షించే యంత్రాలను చూసుకోవడం ఆయన పని. ఆ పని బాగా చేస్తారని అందరూ అంటారు. కాకపోతే మా వీధిలో ఆయన్ని సైంటిస్టుగారూ అని పిలుస్తారు, ఆ పిలుపు విన్నాక ఆయన నోటికి "తెలియదు" అన్న మాట రాదు. నిన్న సాయంత్రం పక్కింటి సత్యనారాయణమూర్తిగారు గేటు దగ్గర ఆపి అడిగితే, "కొట్టిపారేయలేం మూర్తిగారూ, ఛాన్సయితే ఉంది" అన్నారు గంభీరంగా. నేను అక్కడే మొక్కలకు నీళ్ళు పోస్తున్నాను. మూర్తిగారు నావైపు చూడలేదు. చూసినా నేనేం అనేదాన్నో నాకే తెలియదు.

గిన్నెలు తోమే సత్తమ్మ ఆరోజు పదకొండు దాటాక వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఏం జెయ్యాల్నమ్మా, మా మానస నిన్నటిసంది మెతుకు ముడుతలేదు. టీవీ సూసి సూసి భయపడ్డది. మూలకు కూసొని ఒకటే ఏడుసుడు. రేపు కాలేజీల పరీక్ష ఉన్నది. రాసి ఏం జెయ్యాలె, రేపు ఎవలుంటరు అంటది. మీదికెళ్ళి దాని నాయిన, సస్తే ఊర్లె సద్దాం పా అని బట్టలు సదురుతుండు."

మానస ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. వాళ్ళింట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటి పిల్ల.

"అదంతా అబద్ధం సత్తమ్మా" అన్నాను.

"అబద్ధమెట్లయితదమ్మా? సారే అన్నడంట గదా, ఛాన్సున్నదని. మూర్తి సారోళ్ళ ఇంట్ల అనుకుంటుంటె ఇన్న. సైంటిస్టు సారే అన్నంక ఇగ మేమెంత?"

ఆ మాట మా గేటు దగ్గర పుట్టి, వీధి తిరిగి, రెండు వీధుల అవతల ఒక పిల్ల నోటి దగ్గర అన్నం ఆపేసింది. నిన్న నీళ్ళ పైపు పట్టుకుని నిలబడ్డ నేను కూడా ఆ మాటను ఆపలేదు. ఉడుకుతున్న పప్పు కింద పొయ్యి కట్టేశాను.

"ఎక్కడికి? పూర్ణం రుబ్బుకోవాలి కదా" అన్నారు అత్తగారు.

"సత్తమ్మ వాళ్ళింటికి వెళ్ళొస్తాను అత్తయ్యా."

"వాళ్ళింటికి నువ్వెళ్ళడమేమిటి? కావాలంటే ఆ పిల్లనే రమ్మను."

చెప్పులేసుకున్నాను.

ఫ్యాక్టరీల వెనక వరస రేకుల ఇళ్ళలో చివరిది వాళ్ళది. మానస బియ్యం డ్రమ్ముకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూలబడింది. వాళ్ళ నాన్న ఉప్పలయ్య సంచి మూతి కడుతున్నవాడల్లా ఆగాడు. నేను నేల మీద కూర్చున్నాను. ఎవరో వచ్చారని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆరేడుగురు గుమ్మం దగ్గర చేరారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. పదేళ్ళుగా నేను ఎవరికైనా వివరంగా చెప్పిందంటూ ఉంటే, కూరలో ఉప్పు ఎందుకు తగ్గిందో అదే.

"ఆ సొరంగం ఎంత పెద్దదో తెలుసా మానసా?" అని అడిగాను. "ఇక్కడ ఉప్పల్‌లో బయల్దేరి, సికింద్రాబాద్ వెళ్ళి, సైనిక్‌పురి మీదుగా మళ్ళీ ఉప్పల్ వచ్చావనుకో, దాదాపు అంత. దాంట్లో కంటికి కనపడని కణాలను ఎదురెదురుగా పరుగెత్తించి ఢీకొట్టిస్తారు. రేపు అది కూడా లేదు. రేపు ఊరికే పంపించి, చుట్టూ తిరిగొస్తాయో లేదో చూస్తారు, అంతే."

"మరి ఢీకొట్టిననాడు?" అంది మానస, ముక్కు తుడుచుకుంటూ.

"ఒక్కో కణంలో ఉండే శక్తి ఎంతో తెలుసా? ఎగిరే దోమలు నాలుగైదు కలిస్తే ఎంతో, అంత."

గుమ్మం దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. "మా నాచారం దోమలైతే జర ఫికర్ జెయ్యాలె" అంది ఒకామె. అందరూ నవ్వారు. మానస నవ్వలేదు కానీ ఏడుపు ఆపింది. "అయితే దోమంటే లేని భయం ఇదంటే ఎందుకు ఆంటీ?" అని అడిగింది. అది మంచి ప్రశ్న. అంత శక్తినీ సూదిమొన కన్నా కోట్ల రెట్లు చిన్న చోట కుదిస్తారని చెప్పాను. అంతకన్నా ఎన్నో రెట్లు బలమైన కణాలు భూమి పుట్టినప్పటి నుంచీ ఆకాశంలోంచి వచ్చి గాలిని ఢీకొడుతూనే ఉన్నాయనీ, ఇప్పుడు మనం మాట్లాడుకుంటుండగా కూడా మన తలల మీద అదే జరుగుతోందనీ, భూమిని మింగేదే అయితే ఎప్పుడో మింగేసేదనీ చెప్పాను. చెబుతుంటే నా చేతులు వాటంతటవే గాలిలో బొమ్మలు గీస్తున్నాయి. ఒక ముసలామె "మరి గింత కష్టం ఎందుకు బిడ్డా వాళ్ళకు?" అంది. "ఈ గోడ, ఈ నేల, మనం, అన్నీ దేంతో తయారయ్యాయో తెలుసుకుందామని" అన్నాను. ఆమె గోడకేసి కాసేపు చూసి, "తెలుసుకోవాల్సిందే" అంది. నాకు ఎందుకో కళ్ళు చెమ్మగిల్లాయి.

అప్పుడు ఉప్పలయ్య అడిగాడు. "మీరు చెప్పేది మంచిగనే ఉన్నది మేడం. మరి సారెందుకు గట్లన్నడు?"

అందరూ నావైపు చూశారు. ఆయన సరదాకి అన్నారనో, మూర్తిగారు సరిగ్గా వినలేదనో చెప్పొచ్చు. అలాంటివి చెప్పడంలో నాకు చాలా అనుభవం ఉంది. కానీ ఆ పిల్ల నా మొహంలో ఏదో వెతుకుతోంది. కాస్త తడబాటు కనిపించినా మళ్ళీ డ్రమ్ముకు చేరగిలబడిపోయేలా ఉంది.

"ఆయనకు తెలియదు. నాకు తెలుసు" అన్నాను.

ఉప్పలయ్య సంచి ముడి విప్పాడు. "పిల్లకు అన్నం పెట్టు" అన్నాడు సత్తమ్మతో.

ఇంటికొచ్చి పప్పు రుబ్బి, బెల్లం కలిపి, ఇరవై ఆరు బొబ్బట్లు కాల్చాను. సాయంత్రం అందరూ తింటూ ప్రళయం గురించి మాట్లాడుకున్నారు. "పోతే పోయాం గానీ వదినా, ఇంకో రెండు వెయ్యి" అంది సూర్యకళ. సూర్యకళ వాళ్ళు వెళ్ళేటప్పుడు గేటు దగ్గర మూర్తిగారు కనిపించారు. "మీ మేడంగారికి తెలుసటగా! మీకే తెలియదటగా!" అన్నారు మా ఆయనతో, హాస్యంగా.

లోపలికి వచ్చి ఆయన అరవలేదు. ఆయన ఎప్పుడూ అరవరు. వంటింటి గుమ్మంలో నిలబడి, "పనిమనిషి ఇంటికెళ్ళి నా పరువు తీయాల్సినంత అవసరం ఏమొచ్చింది?" అన్నారు. తర్వాత మెత్తగా, "సరే, అయిందేదో అయింది. ఇకమీద ఎవరైనా అడిగితే, నేనే నీకు అంతా వివరించి పంపానని చెప్పు. చాలు" అన్నారు.

ఎంత చిన్న కోరిక. ఇలాంటివి ఎన్ని తీర్చానో. అమృత పేరు నేను వెతికి పెట్టుకున్నది, అందరికీ ఆయనే పెట్టారని చెప్పాను. ఈ ఇంటికి ఉత్తరం వైపు కిటికీ ఉండాలని నేను పట్టుబట్టాను, చూసినవాళ్ళకి ఆయన ఆలోచనే అన్నాను. అత్తగారి గుండెనొప్పిని గ్యాస్ కాదని గుర్తుపట్టి ఆటోలో దవాఖానాకు పరుగెత్తించింది నేను. బంధువుల ముందు మాత్రం, ఆయన సమయానికి కనిపెట్టారు అన్నాను. ఎవరూ బలవంతం చేయలేదు. ఆయన మొహంలో కనిపించే చిన్న వెలుగు కోసం నేనే ఒక్కొక్కటీ తీసి ఇచ్చేశాను. అదే ప్రేమ అనుకున్నాను. ఈ ఫిజిక్స్ ఒక్కటీ ఎవరూ అడగలేదు కాబట్టి నా దగ్గర మిగిలిపోయింది.

"చెప్పను" అన్నాను.

దాని తర్వాత ఇంకేదైనా ఉంటుందేమోనని ఆయన నిలబడ్డారు. పొయ్యి గట్టు తుడుచుకుంటున్నాను. కాసేపటికి వెళ్ళిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో కణాలు చుట్టూ తిరిగి వచ్చాయని వార్త. టీవీలో నవ్వుకుంటూ చెప్పి, క్రికెట్‌కు వెళ్ళిపోయారు. మానస పరీక్ష రాసిందని సాయంత్రం సత్తమ్మ చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. మానస, దాని స్నేహితురాళ్ళు ముగ్గురు ఆదివారాలు నా దగ్గరికొచ్చి ఫిజిక్స్ చెప్పించుకుంటారట, కుదురుతుందా అని. ఆ సంగతి నేను ఇంట్లో ఎవరినీ అడగలేదు, చెప్పానంతే. "ఆదివారం పది నుంచి ఒంటిగంట దాకా నాకు పని ఉంటుంది" అన్నాను భోజనాల దగ్గర. అత్తగారు ఆయన వైపు చూశారు. ఆయన పెరుగు కలుపుకున్నారు.

ఆదివారం పదింటికి గేటు చప్పుడైంది. నలుగురూ పుస్తకాలు గుండెలకు ఆనించుకుని నిలబడ్డారు. ఆయన హాల్లోంచి పేపర్ తీసుకుని లేచారు.

"ఎన్ని వారాలు ఈ తతంగం?" అని అడిగారు.

"రెండేళ్ళ సిలబస్" అన్నాను, తలుపు పూర్తిగా తీస్తూ.