మిషను కింద మొద్దు

పొద్దున్నే కొట్టు షట్టరు ఎత్తగానే టైలరమ్మ ముందు మిషనుకి నూనె పెడుతుంది. తర్వాత చీపురు పట్టుకుని నిన్నటి గుడ్డపీలికలన్నీ ఊడ్చి మూలనున్న గోనెలో కూరుతుంది. ఆ తర్వాత చెప్పులు విడిచి స్టూలు మీద కూర్చుని, కుడికాలు మిషను పెడలు మీద, ఎడమకాలు మొద్దు మీద పెడుతుంది. అప్పటిదాకా ఒక్క కుట్టు పడదు. మొద్దు చచ్చిపోయాక వానలు వెళ్లిపోయి చలి కూడా మొదలైంది గానీ, ఈ అలవాటు మాత్రం ఆవిడ మానలేదు.

మొద్దు వాళ్ల కుక్క. గోధుమరంగుది. ఒక చెవి నిలబడేది, రెండోది ఎంత బతిమాలినా నిలబడేది కాదు. పేరు పెట్టింది టైలరమ్మ మొగుడు. ఆయన అదే కొట్లో ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేస్తాడు కాబట్టి వీధిలో అందరికీ ఇస్త్రీ పెద్దాయన. "దొంగ వచ్చి మిషను ఎత్తుకుపోయినా వీడు పక్కకి దొర్లి ఇంకో కునుకు తీస్తాడు తప్ప మొరగడు. కుక్క కాదిది, మొద్దు," అన్నాడు ఓసారి. ఆ పేరే ఖాయమైపోయింది. కూనగా వచ్చిన రోజు నుంచి ముసలాడయ్యే దాకా వాడి కాపురం మిషను కిందే. వాడి వీపు మీద కాలు ఆనించకుండా టైలరమ్మ ఒక్క చొక్కా కూడా కుట్టి ఎరగదు.

వాడు పోయాక వాడి వెచ్చదనం మాత్రం ఆ చోటు వదల్లేదు. చూడ్డానికి ఉత్త గచ్చే. చెయ్యి పెడితే, సరిగ్గా వాడు ముడుచుకుని పడుకునేంత మేర వెచ్చగా తగిలేది. కాసేపు చెయ్యి తియ్యకుండా ఉంటే ఊపిరికి పొట్ట లేచి పడుతున్నట్టు కూడా తెలిసేది. గుండీల కొట్టావిడ జిప్పులు ఇవ్వడానికి వచ్చి, వంగి తడిమి చూసి, "ఉన్నాడే సన్నాసి! ఇంకా ఇక్కడే ఉన్నాడు," అని ముచ్చటపడింది.

"మా అత్తగారు పోయాక కూడా ఆవిడ దగ్గు మా వంటింట్లో ఏడాది పైనే ఉందండీ. ఎవరూ పట్టించుకోకపోతే అదే సద్దుమణిగింది. మీరు కూడా వీణ్ణి మరీ చేరదీయకండి," అని చెప్పి వెళ్లిపోయింది.

చేరదీయొద్దట! చెప్పడానికేం, ఎన్నయినా చెబుతారు. టైలరమ్మ విననట్టు దారం ఎక్కించుకుంది.

ఆవిడకి దుఃఖం కన్నా కోపం ఎక్కువగా ఉండేది. కోపం మొగుడి మీద. మొద్దుకి వెనకకాళ్లు పడిపోయి, తిండి మానేసి, మూలుగుతూ ఉంటే పశువుల డాక్టరు చూసి, "ఇంక బాధపెట్టకండి, ఇంజెక్షను ఇచ్చేద్దాం," అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి అని జరుపుకుంటూ వచ్చింది. చివరికి పెద్దాయనే వాణ్ణి ఎత్తుకుని బయల్దేరాడు. గుమ్మంలో ఆగి, "రావా?" అని అడిగాడు. "నేను రాను. నా కుక్కని చంపించుకోవడానికి నేను రాను," అని ఆవిడ మిషను మీదకి వంగిపోయింది. ఆయన ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఆ రోజు నుంచి ఆవిడ ఆయనతో నేరుగా మాట్లాడింది లేదు. ఏదైనా చెప్పాలంటే కూతురికి చెబుతుంది. కూతురు లేకపోతే గోడకి చెబుతుంది.

"ఆ నీలం ప్యాంట్లు సాయంత్రానికి కావాలట. మడత సరిగ్గా పడాలట," అంటుంది గోడతో.

"గోడకి ఇస్త్రీ రాదు గానీ, నేను చేస్తాలే," అంటాడు పెద్దాయన.

ఒకప్పుడైతే ఆ మాటకి ఆవిడ పగలబడి నవ్వేది.

చలి ముదిరేకొద్దీ మొద్దు వెచ్చదనం పెరిగింది. కాలు పెడితే తియ్యబుద్ధి అయ్యేది కాదు. అంతవరకూ బాగానే ఉంది. కానీ సాయంత్రం కాలు తీసి చూసుకుంటే పాదం పాలిపోయి, గోళ్లు నీలంగా ఉండేవి. ఓసారి కాలి వేలి మీద సూది పడి దిగబడినా ఆవిడకి తెలియలేదు. మిషను పక్కన టీ పెడితే గుటక వేసే లోపే చల్లారిపోయేది. పెద్దాయన ఇస్త్రీపెట్టె బల్లకి అటు చివర పొగలు కక్కుతూ, మిషను వైపు వచ్చేసరికి చిన్న ముడత కూడా తీయలేకపోయేది. వాడి వెచ్చదనం ఊరికే రావట్లేదు, దగ్గరున్న వాళ్ల ఒంట్లోంచే వస్తోంది. టైలరమ్మకి ఆ సంగతి అర్థం కాకపోలేదు. తెలిసే, ఇంటికి వెళ్లేటప్పుడు ఆ కాలికి మందపాటి మేజోడు తొడిగి దాచేది. పొద్దున్న రాగానే మళ్లీ విప్పేది.

"నీ కాలు చూసుకున్నావా అసలు? రంగు మారిపోయింది," అన్నాడు పెద్దాయన ఒకనాడు.

"నా కాలు, నా ఇష్టం అని చెప్పు," అంది ఆవిడ గోడతో.

వాళ్ల కూతురు కొట్టు పైన గదిలో ఉంటుంది. అల్లుడు దూరాభారాలకి లారీ తోలుతాడు, వస్తే వచ్చినట్టు. కూతురికి నెలలు నిండుతున్నాయి. కాళ్లు పొంగి, మెల్లగా ఒక్కో మెట్టూ దిగి వచ్చి, కాజాలూ గుండీలూ కుట్టిపెడుతూ తల్లి దగ్గర కూర్చునేది. ఒక మధ్యాహ్నం పిక్కలు లాగేస్తున్నాయని మొహం చిట్లించింది.

"ఇలా రా. చెప్పులు విడిచి ఇక్కడ పెట్టు కాళ్లు. ప్రాణం లేచొస్తుంది," అని టైలరమ్మే తన స్టూలు ఖాళీ చేసి కూర్చోబెట్టింది.

కూతురు రెండు కాళ్లూ పెట్టి కళ్లు మూసుకుంది. "అబ్బ, ఎంత బాగుందమ్మా! వీడేం మారలేదు. నా వేళ్లు నాకుతున్నట్టే ఉంది."

ఇవాళొక్కరోజే కదా అనుకుంది తల్లి. మర్నాడు పిల్ల తనంతట తనే వచ్చి కూర్చుంది. ఆ మర్నాడూ కూర్చుంది. అంత హాయిగా కూర్చున్న పిల్లని లేపడానికి చేతులు రాలేదు. లోపల ఏదో గుచ్చుతూనే ఉంది. వాడు బతికున్నన్నాళ్లూ ఒక్క చీమకి కూడా హాని చెయ్యలేదు కదా, ఇప్పుడు మాత్రం ఏం చేస్తాడు అని సర్దిచెప్పుకుంది. పైగా ఇద్దరూ కూర్చుని వాడి కబుర్లు చెప్పుకుంటుంటే, వాడు పోయిన తర్వాత మొదటిసారి కొట్టు నిండుగా ఉన్నట్టు అనిపించింది ఆవిడకి.

ఆ వారం ఆసుపత్రికి వెళ్లొచ్చి కూతురు గుమ్మంలోనే నిలబడిపోయింది.

"బిడ్డ గుండె మెల్లగా కొట్టుకుంటోందటమ్మా. నర్సు విని విని, డాక్టర్ని పిలిచింది. నీ పొట్ట ఇంత చల్లగా ఉందేంటమ్మా, చన్నీళ్లలో ఏమైనా నిలబడ్డావా అని అడిగారు. రేపు మళ్లీ రమ్మన్నారు."

టైలరమ్మ చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టేసింది. "నువ్వింక కిందకి దిగకు. పైనే పడుకో. అన్నీ నేను తెచ్చిస్తా."

"ఎందుకమ్మా?"

"మెట్లు ఎక్కి దిగడం మంచిది కాదు, అందుకు."

అసలు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. చెబితే వాణ్ణి పంపేయమంటారు. ఇంకోసారి వాణ్ణి పంపేయడం తనవల్ల కాదు. కడుపులో బిడ్డ సంగతి వచ్చినా కూడా తను వాడి వైపే ఆలోచిస్తున్నానని ఆవిడకి తెలిసింది, సిగ్గేసింది. అయినా చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న షట్టరు ఎత్తి, నూనె పెట్టి, ఊడ్చి, ఎడమకాలు పెట్టింది. గచ్చు చల్లగా తగిలింది. కాలు అటూ ఇటూ జరిపింది. కిందకి వంగి రెండు చేతులతో తడిమింది. మొద్దు లేడు. పోయాడా అని ఇంకోసారి తడిమింది. వెంటనే, పోతే పోయాడు, నా పిల్ల బాగుంటుంది అనుకుంది. అప్పుడే పైనుంచి కూతురు పిలిచింది.

వెళ్లేసరికి కూతురు మంచం మీద ఓ పక్కకి తిరిగి పడుకుని ఉంది. పొట్ట పక్కన ఖాళీ దుప్పటిని నిమురుతోంది. పెదాలు తెల్లగా పాలిపోయాయి.

"మొద్దు నా దగ్గరికి వచ్చేశాడమ్మా. ముసలాడు, ఇన్ని మెట్లు ఎలా ఎక్కాడో! నేను కిందకి రాలేదని బెంగపెట్టుకున్నట్టున్నాడు. చూడు, పొట్టకి వీపు ఆనించి ఎలా పడుకున్నాడో." తర్వాత ఆమె నవ్వు ఆగిపోయింది. "అమ్మా, బిడ్డ కదలట్లేదు. నేను లేచినప్పటి నుంచీ ఒక్కసారి కూడా కదల్లేదు."

టైలరమ్మ దుప్పటి లాగి అవతల పారేసింది. "పోరా! పో అవతలికి!" అని అరిచింది. కూతుర్ని గోడవైపు జరిపితే వెచ్చదనమూ గోడవైపు జరిగింది. లేపి కుర్చీలో కూర్చోబెడితే ఒళ్లోకి చేరింది. "నా దగ్గరికి రారా నాన్నా, ఇదిగో నా కాళ్లు, నా చేతులు, ఏం కావాలంటే అది తీసుకో," అని నేల మీద కూలబడి బతిమాలింది. వాడు రాలేదు. ఆవిడ ఒంట్లో వాడికి పనికొచ్చేంత వెచ్చదనం ఇంకెక్కడుంది?

"ఏవండీ!" అని ఇల్లు దద్దరిల్లేలా కేక పెట్టింది. గోడని కాదు, ఆయన్నే పిలిచింది.

పెద్దాయన ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేసి పరిగెత్తుకొచ్చాడు. ఆవిడ అంతా చెప్పేసింది, నీలమైన గోళ్ల సంగతీ, తనే కూతుర్ని కూర్చోబెట్టిన సంగతీ. "నాకు తెలుసండీ. తెలిసే నోరు మూసుకున్నాను. నా చేతులతో నేనే..." అంది.

ఆయన తిడతాడనుకుంది. ఆయన కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, కూతురి ఒళ్లో మెల్లగా చెయ్యి పెట్టాడు.

"వణుకుతున్నాడు," అన్నాడు. "చలేస్తోంది వీడికి, అంతే. వీడికేం తెలుసు పాపం? ఎక్కడ వెచ్చగా ఉంటే అక్కడ చేరతాడు." భార్య వైపు చూడకుండానే మళ్లీ అన్నాడు: "ఆ రోజు కూడా ఇలాగే వణికాడు. ఆ గదిలో ఇనుపబల్ల ఉంది, మంచుగడ్డలా. దాని మీద పడుకోబెట్టనివ్వలేదు నేను. చొక్కా గుండీలు విప్పి లోపల పెట్టుకున్నా. అలాగే ఇచ్చారు ఇంజెక్షను. వణుకు ఆగేదాకా అలాగే కూర్చున్నా. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు."

టైలరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పెద్దాయన చొక్కా గుండీలు విప్పాడు. "రారా మొద్దూ. లే, మనం వెళ్దాం," అంటూ రెండు చేతులూ కిందుగా పోనిచ్చి ఎత్తాడు. చేతుల్లో ఏమీ కనిపించలేదు గానీ బరువుకి ఆయన నడుము వంగింది. చొక్కాలోకి పొదువుకోగానే ఆయన పళ్లు టకటకా కొట్టుకున్నాయి.

"ఎక్కడికండీ?"

"గోదాముల వెనక, ఆ రోజు నేను పాతిపెట్టిన చోటికి. వీడు ఒంటరిగా వీధి మలుపు కూడా దాటడు కదా, పిరికి సన్నాసి. ఎవరో ఒకరు దిగబెట్టాలి."

"మీ ఒంట్లో ఉన్నదంతా లాగేస్తాడు."

"లాగనీ. ఇన్నేళ్లు ఇస్త్రీపెట్టె పక్కన కాగిన ఒళ్లు ఇది. అంత తొందరగా చల్లారదులే."

ఈసారి గుమ్మంలో ఆగాడు గానీ, రావా అని అడగలేదు. ఆవిడకి వెంట వెళ్లాలనే ఉంది. భయమేసింది. కూతురి చెయ్యి పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

కిటికీలోంచి చూస్తే ఆయన చొక్కా మీద చేతులు కట్టుకుని వీధిలో మెల్లగా నడుస్తున్నాడు. గుండీల కొట్టావిడ పక్కకి తప్పుకుని దారిచ్చింది. ఆయన మలుపు తిరిగాడు. ఇంకాస్సేపటికి కూతురు కుర్చీలో ఉలిక్కిపడి పొట్ట పట్టుకుంది.

"అమ్మా, తన్నింది! ఇదిగో, మళ్లీ!"

తల్లి అక్కడ చెయ్యి పెట్టింది. అరచేతికి గట్టిగా తగిలింది. అప్పుడు ఏడ్చింది టైలరమ్మ, మొద్దు కోసం, మొదటిసారి, వీధి వీధంతా వినబడేలా.

పెద్దాయన సాయంత్రానికి తిరిగొచ్చాడు. గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు. "పడుకున్నాడు," అని ఒక్కమాట చెప్పి స్టూలు మీద కూర్చున్నాడు. ఆవిడ ఆయన చేతులు పట్టుకుని అదిరిపడింది. వేణ్ణీళ్లు కాచి పోసింది. దుప్పట్లన్నీ కప్పింది. రుద్ది రుద్ది తన అరచేతులు మండిపోయాయి గానీ, ఆయన చేతులు వెచ్చబడలేదు. ఆ రోజే కాదు, ఇంకెప్పుడూ వెచ్చబడలేదు. కాలుతున్న పెట్టె మీద చెయ్యి పడినా తెలియక ఒకటి రెండుసార్లు బొబ్బలెక్కాక, ఇస్త్రీ పని మానిపించారు. డాక్టరు నాడి చూసి అంతా బాగానే ఉందన్నాడు. వీధివాళ్లు కూడా పెద్దగా వింత పడలేదు. ఎండలు ముదిరాక గుండీల కొట్టావిడ తన మంచినీళ్ల సీసా తెచ్చి ఆయన పక్కన పెట్టి, కాసేపయ్యాక నీళ్లు చల్లబడితే తీసుకెళ్లేది.

పాప నిక్షేపంగా పుట్టింది. తాతయ్య ఎత్తుకోగానే ఒళ్లు నీలంగా మారి గుక్కపట్టి ఏడ్చింది. ఆయన కంగారుగా కూతురికి ఇచ్చేసి, చేతులు వెనక్కి దాచుకున్నాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు టైలరమ్మ మిషను ముందు కూర్చుని, లోపల దూది పరిచి, మూడు పొరల గుడ్డ పెట్టి ఒక సంచిలాంటిది కుట్టింది. పాపని దాంట్లో పెట్టి, మెడదాకా మూసి ఇస్తే, అలా మాత్రం ఆయన ఎత్తుకోగలడు.

ఒక మధ్యాహ్నం కొట్టు ముందు బల్ల మీద అలాగే ఎత్తుకుని కూర్చున్నాడు. పాప కాలు ఎలాగో బయటికి జారి ఆయన మణికట్టుకి తగిలింది. వెంటనే కెవ్వుమంది. ఆయన మోచేత్తో గుడ్డ లాగి, వేళ్లు తగలకుండా ఆ కాలిని లోపలికి తోశాడు.

"నీ మనవరాలికి నేనంటే బొత్తిగా పడదు," అన్నాడు, నవ్వడానికి ప్రయత్నిస్తూ.

టైలరమ్మ మిషను ఆపి వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"ఆ రోజు నేనూ రావాల్సిందండీ," అంది.

"ఏ రోజు?"

"రెండు రోజులూ."

ఆవిడ ఆయన చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

"వదులు. నీకు చలేస్తుంది," అన్నాడు.

"వెయ్యనివ్వండి," అంది ఆవిడ.