గంప కింద డిస్కు

పగ పుట్టడానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు, ఒక మామిడికాయ చాలు. లోహిత పగ ఒక తోతాపురి కాయ దగ్గర మొదలై ఏడాదిపాటు ఆమె కడుపులో మాగింది.

చిత్తూరు దాటాక తవణంపల్లె దారిలో ఉన్న భారతమ్మ మామిడితోటలో డిస్క్ గోల్ఫ్ ఆడతారు. పళ్ళెంలాంటి ప్లాస్టిక్ డిస్కును విసురుకుంటూ పోయి, కంబానికి గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో పడేయాలి. తక్కువ విసుర్లలో పడేసినవాళ్ళదే గెలుపు. ఈ ఆటకు అంపైరు ఉండడు. ఎవరి తప్పు వాళ్ళే ఒప్పుకోవాలి. పక్కవాడి తప్పు పట్టాలంటే ఇంకొకరు అవునని బలపరచాలి. తోట ఇచ్చేటప్పుడు భారతమ్మ తనవంతుగా ఒక రూలు చేర్చింది: డిస్కు తగిలి కాయ రాలితే, రాల్చినవాళ్ళకు ఒక విసురు శిక్ష. తోట ఆమెది కాబట్టి ఎవరూ నోరెత్తలేదు.

పోయిన ఏడాది చివరి బుట్ట దగ్గర లోహిత డిస్కు ఒక కాయను రాల్చింది. ఎవరూ చూడలేదు. అయినా తనే చెప్పి శిక్ష వేయించుకుంది. ఆ వెనకే, ఆమెతో పోటీపడుతున్న మునిశేఖర్ డిస్కు రెండు కాయల్ని రాల్చింది. లోహిత కళ్ళారా చూసి అడిగితే, "అవి ముందే రాలుండాయి పాపా" అన్నాడు, నిమ్మకు నీరెత్తినట్టు. బలపరచాల్సిన మూడో మనిషి అతని బావమరిది. ఆ మహానుభావుడు కొమ్మల్లో పిట్టల్ని వెతుక్కుంటూ నిలబడ్డాడు. ఒక్క విసురు తేడాతో గెలిచి, రాష్ట్ర జట్టులో జిల్లాకున్న ఒకే ఒక్క చోటును మునిశేఖర్ ఎగరేసుకుపోయాడు.

పోతే పోయాడు, ఊరికే పోయినా బాగుండేది. కప్పు పట్టుకుని అందరి ముందూ, "మా లోహిత సత్తెం తప్పే మనిషి కాదబ్బా. సత్తెం ఆయమ్మికి, కప్పు నాకు" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు.

తిరుపతిలో బట్టల షాపులో బిల్లులు కొడుతున్నప్పుడు కూడా లోహితకు ఆ నవ్వే వినిపించేది. కస్టమరు ఏదో అడుగుతుంటే ఆమె పళ్ళు నూరుతూ ఉండేది. తెల్లారకముందే లేచి విసరడం సాధన చేసేది. జట్టులో చోటు కావాలని ఉండేది కానీ, అంతకన్నా ఎక్కువగా మునిశేఖర్ ముఖం మాడిపోవడం కళ్ళతో చూడాలని ఉండేది.

ఈ ఏడు మళ్ళీ చివరి బుట్ట దగ్గరకు వచ్చేసరికి ఇద్దరూ సమానంగా ఉన్నారు. ఒక్క విసురు వెనక అమల ఉంది. సత్యవేడు నుంచి వచ్చి తిరుపతిలో డిగ్రీ చదువుతున్న పిల్ల. డిస్కు పట్టుకోవడం దగ్గర్నుంచి లోహితే నేర్పింది. ఆదివారమైతే చాలు, అక్కా అక్కా అంటూ వెంట తిరిగేది.

మునిశేఖర్ విసిరిన డిస్కు ఒక మానుకు తగిలి పక్కకు తిరిగి, నేలబారుగా పోయి చెట్ల మధ్య మాయమైంది. తోటలో కోత సగం అయింది. కాయలు కుప్పలు పోసి ఉన్నాయి. కోత కూలీలు ఖాళీ గంపలు వదిలి అన్నానికి పోయారు. తన డిస్కు కోసం ముందు నడిచిన లోహితకు ఒక కుప్పను ఆనుకుని మునిశేఖర్ నారింజరంగు డిస్కు కనిపించింది. వెనక్కి తిరిగి చూసింది. అతను దూరంగా తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఎవరితోనో పరాచికాలాడుతున్నాడు.

పోయిన డిస్కు మూడు నిమిషాల్లో దొరక్కపోతే మొదటి చోటుకే పోయి, ఒక విసురు శిక్షతో మళ్ళీ విసరాలి. అందరూ కలిసి వెతకాలన్నది కూడా రూలే. లోహిత ఒక ఖాళీ గంపను ఆ డిస్కు మీద బోర్లించి దాని మీద కూర్చుంది. ముందే అనుకుని చేసిన పని కాదు. కూర్చున్నాక మాత్రం లేవబుద్ధి కాలేదు. ఏడాదిగా మండుతున్న కడుపు మొదటిసారి చల్లబడింది.

"యాడ పడిందో సూసినావా పాపా?" అంటూ వచ్చాడు మునిశేఖర్.

"కాలు పట్టేసిందన్నా, కూసున్నా. ఆ గట్టుపక్కకు పోయినట్టుండె, సూడు."

అతను గట్టు వైపు పరిగెత్తాడు. అమల కూడా వెతుకుతోంది. మునిశేఖర్ వంగి ఆకులు కెలుకుతుంటే, చొక్కా వీపుకు అంటుకుపోయి చెమటలు కారుతుంటే, లోహితకు కాఫీ తాగినంత హాయిగా ఉంది. ఇంతలో గట్టు మీదనుంచి కేక వినపడింది.

"దొరికింది! ఈడనే ఉండాది!"

నారింజరంగు డిస్కు, మీద అతని పేరు. పడింది కూడా ఎక్కడ? గొలుసులకు ఎదురుగా, అడ్డం ఒక్క కొమ్మ లేని చోట. లోహితకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నెత్తురు మరిగింది. సంచిలోని ఇంకో డిస్కును జారవిడిచి తనదంటున్నాడు! పోటీ నడిపే పెంచలయ్య సారు బుట్ట దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె ఆయన్ని గట్టిగా పిలిచి, లేచి, గంప ఎత్తింది.

"సార్, ఈయన డిస్కు ఆడ దొరికింటే, మరి ఇదేంది?"

రెండు డిస్కులు, ఒకే పేరు, విసిరింది ఒక్కసారి. చుట్టూ జనం మూగారు. మునిశేఖర్ ముఖంలో నెత్తుటిచుక్క లేదు. కానీ అతను ఆరితేరినవాడు, వెంటనే తేరుకున్నాడు.

"నాది తప్పే సార్. మరి ఆయమ్మి సంగతేంది? తెలిసే దాని మీద కూసునింది. డిస్కు దాసిపెడితే కూడా ఆటలోంచి తీసేయాల గదా?"

"తీసేయాల" అన్నాడు పెంచలయ్య. "ఇద్దరూ పోతే చోటు అమలకొస్తాది. ఏమ్మా లోహితా, ముందే సూసినావా?"

"అడగండి సార్, బాగా అడగండి" అంటూ మునిశేఖర్ చేతులు కట్టుకుని నవ్వాడు. "ఆయమ్మి నోట అబద్ధం రాదు. ఎవురూ సూడని కాయను తనే సెప్పుకున్న మనిషి. నేను పోతే ఆయమ్మి కూడా నాతోనే పోతాది."

ఎంత ధీమా! ఏ నిజాయితీని చూసి ఊరంతటినీ నవ్వించాడో, ఇప్పుడు దాన్నే అడ్డం పెట్టుకుని ఆమెను కూడా లాగుతున్నాడు. లోహిత అతని కళ్ళలోకి సూటిగా చూసింది.

"సూడలేదు సార్. కాలునొప్పికి కూసున్నా. కింద ఏముందో నాకేం తెలుసు?"

ఆ నవ్వు అతని ముఖం మీద అలాగే ఉండిపోయి, తర్వాత మెల్లగా ఊడింది. ఏడాదిగా లోహిత కలలు కన్న ముఖం అదే. కళ్ళారా, కడుపారా చూసుకుంది.

"అమలా, నువ్వేమంటావమ్మా?" అడిగాడు పెంచలయ్య.

అమల లోహిత వైపు చూసింది. "అక్క సెప్పినట్టే సార్" అంది.

మునిశేఖర్‌ను ఆటలోంచి తీసేశారు. అతను సంచి భుజానేసుకుని ఎవరివంకా చూడకుండా వెళ్ళిపోతుంటే వెనకనుంచి ఎవరో ఈల వేశారు. లోహిత మిగిలిన ఆట ముగించి, గెలిచి, కప్పు అందుకుంది. నిజం చెప్పాలంటే ఆమెకు ఇసుమంత కూడా బాధ అనిపించలేదు.

సాయంత్రం రోడ్డు మీద ఆటో కోసం లోహిత అమల పక్కనే నిలబడింది. సంతోషం ఆపుకోలేకుండా ఉంది.

"వచ్చే ఆదివారం తొందరగా వచ్చెయ్ అమలా. ఆ ఒంపు తిరిగే విసురు నేర్పిస్తా."

"వద్దులేక్కా."

"ఏమి?"

"నువ్వు గంప బోర్లించేటప్పుడు నీ వెనకాల చెట్టు దగ్గరే ఉన్నా."

లోహిత చేతిలోని కప్పును కిందికి దించింది. "మరి అప్పుడే సెప్పింటే చోటు నీకొచ్చేది గదా? ఎందుకు సెప్పలేదు?"

"సారు ముందు నిన్నే అడిగినాడు గదక్కా. నువ్వే సెప్తావనుకున్నా."

ఇంతలో షేర్ ఆటో వచ్చి ఆగింది. వెనక సీటు మొత్తం ఖాళీగా ఉంది. అమల పోయి డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చుంది.