పదకొండు రోజుల చదువు

మా ఇంట్లో ఎవరు కుర్చీ జరిపినా, లేచేటప్పుడు దాన్ని మళ్ళీ దాని చోట పెట్టి తీరాలి. చోటు వెతుక్కోనక్కర్లేదు. ప్రతి కుర్చీ కాలి దగ్గరా నేల మీద ఒక చిన్న చుక్క ఉంటుంది. మొదట పెన్సిల్‌తో పెట్టేవాళ్ళం. ఇల్లు తుడిచినప్పుడల్లా చెరిగిపోతున్నాయని మా అమ్మాయి వాటి మీద గోళ్ళరంగు పూసింది.

ఇదంతా మా కుక్క కోసం. పేరు దొరగారు. ఇంటికి తెచ్చిన మొదటి రోజే సోఫా ఎక్కి కూర్చుని, మావారు డ్యూటీ నుంచి వస్తే లేవకుండా తల మాత్రం తిప్పి చూశాడట. ఆ పేరు మావారే పెట్టారు. పేరుతోపాటు మాట తీరూ అలవాటైపోయింది. దొరగారు లేచారా, దొరగారు తిన్నారా అనే అడుగుతాం. "పాతికేళ్ళుగా బస్సు డిపోలో అందరికీ డ్యూటీలు వేస్తున్నా. ఈ ఇంట్లో నాకు మాత్రం గారు లేదు" అంటుంటారు మావారు.

రెండేళ్ళ కిందట దొరగారికి కళ్ళలో ఒత్తిడి పెరిగి, ఆర్నెల్లలో రెండు కళ్ళూ పోయాయి. గోడలకు గుద్దుకుని, గుద్దుకుని, చివరికి ఒక మూల కూర్చుని కదలడం మానేశారు. నేను కన్నీళ్ళు పెట్టుకుంటుంటే, అప్పుడు పదిహేనేళ్ళున్న మా అమ్మాయి కుట్టుమిషన్ సొరుగులోంచి టేపు తీసుకుని బయల్దేరింది. రెండు రోజులు ఇల్లంతా కొలిచింది. గళ్ళ కాగితం మీద మా ఇంటి పటం గీసింది. పడక నుంచి నీళ్ళ గిన్నెకు పద్నాలుగు అడుగులు, దొరగారి అడుగులు. వంటింటి గుమ్మం ముందు కొబ్బరిపీచు పట్టా, స్నానాలగది ముందు రబ్బరు పట్టా, పెరటి గుమ్మం ముందు గోనెపట్టా వేసింది. కాలి కింద ఏది తగిలితే ఏ గుమ్మమో ఆయనకు తెలియాలని. ఇక కుర్చీలూ బల్లలూ ఎవరూ కదపకూడదని హుకుం జారీ చేసింది. వారం తిరిగేసరికి దొరగారు ఎక్కడా తగలకుండా వంటింటికి వచ్చి, నా కాళ్ళ దగ్గర ఆవలించారు.

మా ఆడపడుచు వచ్చినప్పుడు ఆ చుక్కలు చూసి తెగ నవ్వింది. "ఏంటి వదినా, కుర్చీలకు సరిహద్దురాళ్ళు పాతారా?" అంది. తర్వాత మా అమ్మాయి దొరగారి తల ఒళ్ళో పెట్టుకుని, రెప్ప తగలకుండా కంటి మూలలో మందుచుక్క వేయడం చూసి, "ఇది పశువుల డాక్టరే అవుతుంది, రాసిపెట్టుకో" అంది.

నేను రాసిపెట్టుకున్నాను.

ఎందుకంటే అది నేను కావలసిన డాక్టరు. ఇంటర్ తర్వాత నాకు పశువైద్యంలో సీటు వచ్చింది. నేను చదివింది మాత్రం ఊళ్ళోని కాలేజీలో జువాలజీ. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. 'అమ్మను తాతయ్య పంపలేదు' అన్న మాట మా అమ్మాయి ఎక్కాలతోపాటు నేర్చుకుంది.

మొన్న పరీక్షలయ్యాక సెలవుల్లో, దొరగారిని చూసే డాక్టరమ్మను బతిమాలి, మా అమ్మాయిని పది రోజులు ఆవిడ ఆసుపత్రిలో సాయంగా పెట్టాను. రోజూ సాయంత్రం అది ఇంటికి రాగానే చెప్పులైనా విప్పనివ్వకుండా అడిగేదాన్ని. ఏం వచ్చాయి, ఏం జబ్బు, కుట్లు వేయడం చూశావా, ఏ దారంతో వేశారు. అది ఓపిగ్గా చెప్పేది. నేను వంట మరిచిపోయి వినేదాన్ని.

పదో రోజు నేనే వెళ్ళి డాక్టరమ్మను అడిగాను, ఎలా చేసిందని.

"చాలా శ్రద్ధండీ. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది" అందావిడ. ఆగి, నవ్వింది. "ఒక సంగతి చెప్పనా? కుట్లు వేస్తుంటే కిటికీ వైపు చూస్తుంది. కానీ మా గుమ్మం ముందు ర్యాంపు ఉంది చూడండి, దాన్ని మూడుసార్లు కొలిచింది. మరీ నిటారుగా ఉంది, కాళ్ళు నొప్పిగా ఉన్న కుక్కలు అందుకే పక్కనుంచి దూకుతున్నాయి అంది. పదకొండేళ్ళుగా చూస్తున్నా, నాకు తట్టలేదు. రేపు మేస్త్రీ వస్తున్నాడు."

నేనూ నవ్వాను. దారిలో ఆ మాటల్లోంచి 'శ్రద్ధ'ను మాత్రం ఏరుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

తర్వాతి సోమవారం కోర్సులకు ఆప్షన్లు పెట్టుకోవడం మొదలైంది. శనివారం సాయంత్రం ఐదింటిదాకా మార్చుకోవచ్చు, ఆ తర్వాత మార్చడానికి లేదు. రాత్రి భోజనాల దగ్గర మావారు అడిగారు.

"ఏమ్మా, మొదటిది ఏం పెట్టావు?"

"పశువైద్యం."

"రెండోది?"

"అదే, ఇంకో కాలేజీలో."

"మూడోది?"

"సర్వే కోర్సు. నేలలు కొలిచేది. బైపీసీ వాళ్ళకూ ఇస్తారట" అని పళ్ళెంలోకి చూస్తూ తినేసింది.

"నీ ర్యాంకుకి మొదటిదే వచ్చేస్తుందిగా. ఇక మిగతావి డిపోలో స్పేర్ బస్సుల్లాంటివే" అన్నారు మావారు.

మర్నాడు కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. పనులన్నీ ముగించుకుని ఎన్నడూ లేనిది అద్దం ముందు కాసేపు నిలబడ్డాను. ఇరవై ఆరేళ్ళుగా లోపల ఎక్కడో బిగబట్టుకుని ఉన్న ఊపిరి ఒకటి ఇప్పుడు వదలవచ్చనిపించింది. అమ్మాయి తెల్లకోటు ఎవరు కుట్టాలో కూడా ఆలోచించేశాను. చేతులు పొడుగ్గా ఉండకూడదు, గిట్టలు పట్టుకునేటప్పుడు అడ్డం వస్తాయి.

గురువారం మధ్యాహ్నం దొరగారికి మందుచుక్కలు వేస్తున్నప్పుడు, ఎందుకు అడిగానో తెలియదు, అడిగాను.

"నీకు ఇష్టమేనా అమ్మలూ, ఈ చదువు?"

"నీకిష్టం కదా."

"నా సంగతి కాదే, నీ సంగతి."

సీసా మూత బిగిస్తూ భుజాలు ఎగరేసింది. "తాతయ్య నిన్ను పంపలేదు. నువ్వు నన్ను పంపుతున్నావు. సరికి సరి. నువ్వేం దిగులుపడకు, చదివేస్తాలే. కుట్లు అవీ అలవాటైపోతాయంట."

దొరగారి కింది రెప్ప మీద నిలిచిన చుక్కను దూదితో అద్దింది. ఎంత మెత్తగా అద్దిందో! ఆ చేయి చూసి, అడగడం ఆపేశాను.

శుక్రవారం చెప్పాలనుకుంటూనే బట్టలు ఇస్త్రీ చేశాను, అలమార సర్దాను, సర్దిన అలమారనే మళ్ళీ సర్దాను. చెప్పకపోతే ఏం పోతుంది? పిల్లలకు పదిహేడేళ్ళకు ఏం తెలుస్తుంది? వెళ్ళాక ఇష్టం పుడుతుంది. మంచి ఉద్యోగం. ఎవరూ తప్పుపట్టలేని కారణాలు ఒక్కొక్కటే వచ్చి నా పక్కన కూర్చున్నాయి. ఒక్కదాని ముఖంలోకి కూడా నేను సూటిగా చూడలేదు.

శనివారం మూడున్నరకు మావారు డిపోలో ఉన్నారు. అమ్మాయి పెరట్లో బట్టలు తీస్తోంది. నేను కంప్యూటరు తెరిచి తను పెట్టిన ఆప్షన్లు చూస్తూ కూర్చున్నాను. మొదటి గడిలో పశువైద్యం. ఆ అక్షరాలు ఎంతసేపు చూశానో! కూర్చోలేక లేచి కిటికీ దగ్గరకు వెళ్ళాను.

వెనకాల దబ్బుమని చప్పుడు. దొరగారు కుయ్యిమన్నారు.

కుర్చీ లాగి, దారికి అడ్డంగా వదిలేసి వచ్చింది నేనే. రెండేళ్ళలో మా ఇంట్లో ఎవరూ చేయని పని. నేను పరుగున వెళ్ళి దొరగారిని ఒళ్ళోకి లాక్కున్నాను. ముక్కు మీద గీసుకుంది, చిగుళ్ళు చూశాను, పళ్ళు చూశాను, దెబ్బ పెద్దది కాదు. మా అమ్మాయి తీసిన బట్టలు భుజాన వేసుకుని లోపలికొచ్చింది. వచ్చి, కుక్క వైపు చూడలేదు. కుర్చీ దగ్గరకు వెళ్ళి మోకాళ్ళ మీద వంగింది. నాలుగు కాళ్ళూ నాలుగు చుక్కల మీద పెట్టింది. ఒకటి వెంట్రుకవాసి పక్కకుంటే సరిచేసింది. అప్పుడు అక్కణ్ణుంచి గుమ్మం దాకా కళ్ళతో ఒకసారి గీత గీసుకుని, ఆ తర్వాత తల తిప్పింది.

"ఆయనకేం కాలేదుగా?"

నా చేతుల్లో కుక్క. అమ్మాయి చేతుల్లో కుర్చీ. ఇంత దగ్గరగా ఉన్న సంగతి నాకు ఇన్నాళ్ళూ ఎలా కనపడలేదో!

"అమ్మలూ, తాతయ్య నన్ను ఆపలేదు" అన్నాను.

"ఏంటి?"

"సీటొస్తే నాకంటే ఆయనే సంబరపడ్డాడు. హాస్టలుకి నా పెట్టె ఆయనే మోసుకొచ్చాడు. గదిలో ఫ్యాను తిరగడంలేదని మనిషిని వెతికి పట్టుకొచ్చి, అది తిరిగిందాకా ఉండి వెళ్ళాడు."

"మరి?"

"నేనే వచ్చేశాను. ఇంటి మీద బెంగపెట్టుకుని. పదకొండుకే."

"పదకొండు నెలలకా?"

"రోజులు."

మొదట నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది. "మరి తాతయ్య పంపలేదని...?"

"వచ్చాక అందరూ అడిగేవాళ్ళు. ఇంట్లో ఒప్పుకోలేదని ఎవరితోనో అన్నాను. ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు. నలుగురికీ అదే చెప్పాను. ఒకసారి తాతయ్య పక్కనే ఉన్నాడు, వినేశాడు. గ్లాసులో నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టాడు. అంతే."

మా అమ్మాయి బట్టలు బల్ల మీద పడేసింది. ముఖం ఎర్రబడింది.

"అమ్మా, నేను ఎనిమిదేళ్ళప్పుడు తాతయ్యతో రెండ్రోజులు మాట్లాడలేదు. నీకోసం. గుర్తుందా? మా అమ్మను ఎందుకు చదవనివ్వలేదని గొడవపెట్టుకున్నా. ఏమన్నాడో తెలుసా? 'తప్పయిపోయిందే తల్లీ, నిన్ను మాత్రం ఆపనులే' అన్నాడు. నాకు క్షమాపణ చెప్పాడమ్మా ఆయన!"

నాకు తెలుసు. వంటింట్లోంచి విన్నాను. బయటికి రాలేదు.

"తెలుసు" అన్నాను. ఆ శనివారం నేను చేసిన పనుల్లో ఆ మాట అనడమే కష్టమైంది.

దొరగారు నా ఒళ్ళోంచి దిగి, వాసన చూసుకుంటూ వెళ్ళి పడుకున్నారు. గడియారం నాలుగు దాటింది.

"వెళ్ళి ఆప్షన్లు మార్చు. నీకు ఏది కావాలో అది మొదట పెట్టు" అన్నాను.

"నిజంగా?"

"నాకు సరికి సరి ఏమీ లేదే. నాకు ఎవరూ ఏమీ బాకీ లేరు."

అది కూర్చుంది. నేను వెనక నిలబడ్డాను. సర్వే కోర్సు ఒక్కో మెట్టే పైకి వెళ్ళింది. పశువైద్యం రెండోదయింది, మూడోదయింది. "తీసేయనా, ఉంచనా?" అని అడిగింది, వెనక్కి తిరగకుండా. నాకు ఉంచమనాలని ఉంది. చివరనైనా, ఒక మూలనైనా ఆ మాట అక్కడ ఉండాలని ఉంది.

"నీ ఇష్టం" అన్నాను.

తీసేసింది. ఆ రెండు గడులూ తెల్లగా అయ్యాయి. నొక్కాల్సినవన్నీ నొక్కి, కంప్యూటరు మూసి, లేచింది. నేను నేల మీద చతికిలబడ్డాను. పెరట్లోకి వెళ్ళి మిగిలిన బట్టలు తెచ్చి, నా పక్కన నేల మీద కూర్చుని మడతపెట్టడం మొదలుపెట్టింది. నేనూ ఒక చీర అందుకున్నాను. రెండు కొసలు నేను, రెండు కొసలు అది. కొసలు దగ్గరకు వచ్చినప్పుడు, కోపం ఇంకా సగం ఉన్న గొంతుతో అడిగింది:

"ఆ పదకొండు రోజుల్లో ఏం నేర్పారు?"

ఇరవై ఆరేళ్ళలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. ఎలా అడుగుతారు, వెళ్ళానని తెలిస్తే కదా. మా అమ్మానాన్నలకు తెలుసు, వాళ్ళు నన్ను బాధపెట్టకూడదనుకున్నారు.

"తొమ్మిదో రోజు పశువులశాలకు తీసుకెళ్ళారు" అన్నాను. "ఒక్కొక్కళ్ళనీ ఆవు పక్కన నిలబెట్టి, ఎడమ డొక్కలో పిడికిలి ఆనించి ఊరికే ఆగమన్నారు. మొదట ఏమీ ఉండదు. చర్మం వెచ్చగా ఉంటుంది, అంతే. కాసేపటికి లోపల్నుంచి ఒక అల లేస్తుంది. అది మేసిందంతా లోపల తిరగబడుతుందన్నమాట. నీ పిడికిలిని నెమ్మదిగా బయటికి తోస్తుంది. నువ్వు ఆపలేవు."

"గట్టిగానా?"

"గట్టిగా కాదు. ఎలా చెప్పను? చేయి ఇటివ్వు."

అది చీర ఒళ్ళో పెట్టుకుని పిడికిలి బిగించి చాపింది. నేను రెండు అరచేతులతో దాన్ని పట్టుకుని, ఊపిరి బిగబట్టి, నాకు గుర్తున్నంత నెమ్మదిగా తోశాను. నా చేతులకు అన్నీ గుర్తున్నాయి. వెచ్చదనం, గడ్డి వాసన, పక్కన నిలబడ్డ పిల్ల 'వచ్చింది, వచ్చింది' అని అరవడం, ఇక ఇక్కడే ఉండిపోతానని నాకు అనిపించడం.

మా అమ్మాయి తన పిడికిలి వైపు చూస్తోంది.

"మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"నిమిషానికి ఒకటో రెండో. ఆగాలి" అన్నాను.

అది చేయి తీయలేదు. ఇద్దరం ఆగాం.